ప్రజల పేరుతో పరిశ్రమల గొంతు

అమెరికా ప్రతినిధుల సభ 2009 జూన్ 26న 219–212 ఓట్లతో నెగ్గించిన వాక్స్‌మన్–మార్కీ బిల్లు, భూతాపాన్ని పెంచే వాయువులకు దేశవ్యాప్తంగా కళ్లెం వేసేందుకు ఆ దేశ చట్టసభలో ఒక సభ ఆమోదం పొందిన మొట్టమొదటి బిల్లు. బొగ్గు, చమురు మండించడం వల్ల గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు వంటి ఉద్గారాలకు ఒక గరిష్ఠ పరిమితి విధించి, ఆ మేరకే అనుమతి పత్రాలు జారీ చేసి, పత్రాలు మిగిలినవారు వాటిని అమ్ముకోవచ్చునని, చాలనివారు కొనుక్కోవాలని, పరిమితిని మాత్రం ఏటేటా తగ్గిస్తూ 2005 నాటి స్థాయితో పోలిస్తే 2050 నాటికి 83 శాతం కోత సాధించాలని అది నిర్దేశించింది. తొలి ఏళ్లలో దాదాపు 85 శాతం అనుమతులను ఉచితంగా పంచడానికి ఒప్పుకున్నాకగానీ ఈ స్వల్ప ఆధిక్యమైనా దక్కలేదు.

ఓటింగుకు ముందు వర్జీనియా సభ్యుడు టామ్ పెరియెల్లోకు, బిల్లు వల్ల కరెంటు చార్జీలు పెరిగి పేదలు నష్టపోతారంటూ నల్లజాతీయుల, లాటిన్ అమెరికన్ల స్థానిక సంఘాల పేరిట ఉత్తరాలు వచ్చాయి. ఆ సంఘాలు వాటిని రాయనే లేదు. బొగ్గు విద్యుత్తును సమర్థించే కంపెనీల కూటమి తరఫున పనిచేస్తున్న ఒక ప్రచార సంస్థలో అవి తయారయ్యాయి. మరింత ఘోరమైన విషయం, అవి దొంగ ఉత్తరాలని కూటమికి ఓటింగుకు ముందే తెలిసినా, సభ్యులకు ఆ సంగతి ఓటింగు ముగిశాకే చేరింది. పెరియెల్లో బిల్లుకే ఓటు వేశారు, మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓడిపోయారు.

ఈ ఎత్తుగడకు పూర్వరంగం ఉంది. శిలాజ ఇంధనాల వల్ల భూమి వేడెక్కుతుందని ఎక్సాన్ కంపెనీ సొంత శాస్త్రవేత్తలే 1970ల చివరిలో యాజమాన్యానికి తెలియజేసినా, చమురు, బొగ్గు, మోటారు వాహన కంపెనీలు 1989లో ఏర్పరచుకున్న గ్లోబల్ క్లైమేట్ కొయిలిషన్ అనే కూటమి, శాస్త్రం ఇంకా తేలలేదన్న అనుమానాన్నే ఏళ్ల తరబడి ప్రచారం చేసింది. భారత్, చైనా వంటి వర్ధమాన దేశాలకు వర్తించని వాతావరణ ఒప్పందం తమకు వద్దంటూ 1997లో అమెరికా చట్టసభలోని రెండో సభ అయిన సెనేట్ 95–0 ఓట్లతో తీర్మానించింది. శతాబ్దానికి పైగా పొగ వదిలిన దేశం, ఆనాటికి కోట్లాది ఇళ్లకు కరెంటే చేరని దేశాన్ని సాకుగా చూపడం న్యాయం కాదు.

బొగ్గు గనుల ప్రాంతాల కార్మికుల భయం మాత్రం నిజమైనదే. గని మూతపడితే ఊరికి మరో బతుకుదెరువు లేనిచోట పరిశ్రమ మాట సులభంగా చెల్లుతుంది. అలాంటి ప్రాంతమైన వెస్ట్ వర్జీనియా గవర్నర్ జో మాంచిన్ 2010లో సెనేట్‌కు పోటీ చేస్తూ, ఈ బిల్లు ప్రతిని తుపాకితో కాల్చే ప్రకటనను టీవీలో ప్రసారం చేయించి గెలిచారు. అప్పటికే, చర్చను ముగించి ఓటింగుకు వెళ్లేందుకు అవసరమైన 60 ఓట్లు సమకూరక సెనేట్ నాయకత్వం బిల్లును జూలైలోనే విరమించుకుంది.

2022లో మాంచిన్ ఓటుతోనే గట్టెక్కిన చట్టం స్వచ్ఛ ఇంధనాలకు పన్ను రాయితీలు ఇచ్చిందే తప్ప, ఉద్గారాలకు దేశవ్యాప్త పరిమితి విధించలేదు. 2025లో వచ్చిన మరో చట్టం ఆ రాయితీల్లోనూ చాలావాటికి కోత పెట్టింది.