గులాబీ టబ్బు వెనుక రసాయనశాస్త్రం

1950లలో అమెరికాలో కట్టిన ఇళ్లలో చాలావాటికి స్నానాలగది గులాబీ రంగే. టబ్బు, వాష్‌బేసిన్, కమోడ్ మూడూ గులాబీ. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ భార్య మేమీకి ఆ రంగంటే ప్రాణం, 1953 ప్రమాణస్వీకారపు నృత్యవేడుకకు ఆమె తొడిగిన గౌను కూడా గులాబీదే. అందుకే ఈ కథను అందరూ ఫ్యాషన్ కథగా చెబుతారు. నాకు మాత్రం ఇది కొలిమి కథ.

టబ్బు పోత ఇనుముది. ఎర్రగా కాలిన ఇనుము మీద రంగు కలిపిన గాజుపొడిని జల్లెడతో చల్లితే, తగిలిన చోటే కరిగి పూతై అతుక్కుంటుంది. అక్కడి వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్. కమోడ్ పింగాణీది. మట్టి అచ్చు మీద మెరుపుపూత పోసి 1,200 డిగ్రీల దాకా కాల్చాలి. రెండు పదార్థాలు, రెండు బట్టీలు. ఒకచోట నిలిచిన రంగు రెండోచోట మాడిపోవచ్చు. పక్కపక్కన పెడితే వీసమెత్తు తేడా కూడా కంటికి కొడుతుంది. విస్కాన్సిన్‌లోని కోలర్ సంస్థ 1927లోనే లేతాకుపచ్చ, లావెండర్ వంటి రంగుల్లో జోడు కుదిరిన సెట్లు అమ్మింది. అంతవరకూ స్నానాలగది అంటే తెలుపే. సూక్ష్మజీవుల భయం పుట్టాక, మురికి ఇట్టే కనబడే తెలుపే శుభ్రమని జనం నమ్మారు.

రంగుల్లో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది క్రోమియం. దాని ఆక్సైడు ఒక్కటే ఉంటే ఆకుపచ్చ. తగరపు ఆక్సైడు, సున్నం, ఇసుకతో కలిపి, క్రోమియం రవ్వంత వేసి కాలిస్తే గులాబీ! అదే పూతలో జింకు చేరిందా, గులాబీ చెడి గోధుమరంగుకు తిరుగుతుంది.

నీలానికి మేలిమలుపు 1948లో వచ్చింది. క్లీవ్‌లాండ్‌లోని హార్షా కెమికల్ సంస్థలో పనిచేసిన క్లారెన్స్ సీబ్రైట్ జిర్కాన్ స్ఫటికంలో వనేడియాన్ని ఇమిడ్చి పేటెంటు పొందాడు. జిర్కాన్ మన భీమిలి తీరపు ఇసుకలోనూ దొరికే ఖనిజమే. ఆ స్ఫటికం ఎంత గట్టిదంటే, కరిగిన గాజు చుట్టుముట్టినా లోపలి వనేడియం చెక్కుచెదరదు. తర్వాత అదే స్ఫటికంలో ప్రాసియోడిమియం పెట్టి పసుపునూ, ఇనుము పెట్టి పగడపు ఛాయనూ సాధించారు. కుంచెతో వేసిన రంగు ఎండకూ సబ్బుకూ వెలిసిపోతుంది. ఇవి గాజులో బందీలు కాబట్టే డెబ్బై ఏళ్ల నాటి టబ్బు ఇప్పటికీ తొలినాటి రంగుతోనే ఉంటుంది.

ఆ తర్వాత అవకాడో పచ్చ, బంగారుపసుపు వచ్చాయి. మోజు తీరి మళ్లీ తెలుపే గెలిచింది. రంగు సెట్టుకు అసలు కష్టం మరొకటుంది: బేసిన్ ఒక్కటి పగిలినా దానికి జోడు దొరకదు. కంపెనీ ఆ ఛాయ తయారీ ఎప్పుడో ఆపేసి ఉంటుంది. అయినా బాగా పనిచేస్తున్న గులాబీ సెట్టును సుత్తితో పగలగొట్టడం నాకు బాధగానే ఉంటుంది. 2023లో కోలర్ తన 150వ ఏట పాత రంగుల మీద ప్రజల ఓటు కోరితే రెండు నెగ్గి మళ్లీ బట్టీకెక్కాయి: 1927 నాటి లేతాకుపచ్చ ‘స్ప్రింగ్ గ్రీన్’, 1934 నాటి లేతగులాబీ ‘పీచ్‌బ్లో’.