పురిటిగది ముందుగానే సిద్ధం కావలెను

తొమ్మిదవ నెల రాకముందే సూతికాగారమును సిద్ధపరచవలెనని చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం చెప్పుచున్నది. నేడు ప్రసవం ఆసుపత్రిలోనే జరగవలెను. అయినను తల్లీబిడ్డలు తిరిగివచ్చు గది విషయంలో ఆ మాట ఇప్పటికీ శిరోధార్యమే.

గాలి, వెలుతురు గల గదిని ఎంచుకొని శుభ్రపరచండి. మెత్తని పాత నూలు చీరలను ఉతికి, ఎండలో ఆరవేసి పొత్తిళ్ళుగా మడిచి ఉంచండి. సాంబ్రాణి పొగ పసికందు ఊపిరికి చేటు. మూసిన గదిలో కుంపటి ప్రాణాంతకం.

శిశువుకు తేనె, నేయి నాకించవలెనని గురుకులంలో నేర్చుకొంటిని. చాలాకాలం నేనూ అదే చెప్పితిని. పసిబిడ్డల కండరములను చచ్చుబరచు బొట్యులిజం అను వ్యాధిని 1976లో వైద్యులు గుర్తించిరి. తేనె అందుకు ఒక కారణమని తరువాత తేలినది. అది తెలిసిన నాటినుండి ఆ సలహా మానుకొంటిని. ప్రాణరక్షణయే వైద్యుని ధర్మం కదా!

కనుక ఏడాది నిండువరకు తేనె వద్దు. పసికందుకు ఆముదమూ పట్టవద్దు. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించండి. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీరు సైతం అవసరం లేదు. బొడ్డుపై పసుపు, బూడిద వేయక పొడిగా ఉంచండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి.

నెలలు నిండిన గర్భిణికి రక్తస్రావం, ఉమ్మనీరు పోవుట, బిడ్డ కదలికలు తగ్గుట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, వీటిలో ఏది కనిపించినను కషాయములతో కాలయాపన చేయరాదు. ఇంటికి వచ్చిన శిశువు పాలు త్రాగకున్నను, ఒళ్ళు చల్లబడినను, కాలినను అంతే. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించండి.