గ్యాస్ పొయ్యిమీద సంగటి



చిత్తూరులో గానీ తిరుపతిలో గానీ ఈనాడు గ్యాస్ పొయ్యి లేని ఇల్లు అరుదు. అయితే పొయ్యి మారినంత త్వరగా మన అలవాట్లు మారలేదు. కట్టెల పొయ్యిమీద వండిన పద్ధతిలోనే గ్యాస్‌మీదా వండుతున్నాం. చిక్కంతా అక్కడే వస్తోంది.

మన సంగటినే తీసుకోండి. వెనక మట్టిపొయ్యి గడ్డల నడుమ గుండ్రటి అడుగున్న దాక కదలకుండా కూర్చునేది. గ్యాస్ పొయ్యి కమ్మీలమీద అదే దాక నిలవదు. పోయిన ఏడు మా వీథిలో ఒకావిడ పొయ్యిమీదే తెడ్డుతో సంగటి కెలుకుతుంటే, దాక పక్కకు జారి ఉడుకుడుకు సంగటి కాలిమీద పడింది. నెలరోజులు మంచం దిగలేదు పాపం! కాబట్టి సంగటికి చదునైన, మందమైన అడుగున్న గిన్నె వాడండి. ఊరికే అడుగంటదు కూడా. పిండి ఉడికాక పొయ్యి ఆర్పి, గిన్నె దించి, నేలమీద కుదురులో పెట్టి కెలకండి.

ఇక మంట సంగతి. గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకే మంటతో వంట త్వరగా అవుతుందనుకుంటాం. అలా పోయిన వేడి చాలావరకు గాలిపాలే! పైగా గిన్నె పిడి కాలుతుంది, పైటకొంగు అంటుకునే ప్రమాదమూ ఉంది. కొంగు దోపుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళండి. చిన్న గిన్నెను చిన్న బర్నరుమీదే పెట్టండి. ఎసరు ఒకసారి తెర్లిన తర్వాత మంట ఎంత పెంచినా నీళ్ళ వేడి పెరగదు, ఆవిరే ఎక్కువవుతుంది. మూతపెట్టి మంట తగ్గించండి. కుక్కరు మొదటి కూత వేశాకా అంతే.

మంట నీలంగా ఉండాలి. పసుప్పచ్చగా మండి గిన్నెకు మసి పడుతోందంటే గాలి సరిగా అందటం లేదన్నమాట. పొయ్యి చల్లారాక బర్నరు తీసి కన్నాలు శుభ్రం చేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివర చెబుతున్నాను. ఈ గ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు. కారితే మనకు తెలియాలనే వాసన కలుపుతారు. అది గాలికన్నా బరువు కాబట్టి నేలబారున నిలుస్తుంది. వాసన వచ్చిందంటే మంటలన్నీ ఆర్పి, రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవండి. లైటు, ఫ్యాను స్విచ్చులు వెయ్యనూ వద్దు, ఆర్పనూ వద్దు. స్విచ్చిలో పుట్టే నిప్పురవ్వ చాలు, ఇల్లంతా అంటుకోవడానికి! పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి, 1906 నంబరుకు ఫోను చెయ్యండి.

ట్యూబుమీద అనుమానముంటే సబ్బునీళ్ళు రాసి చూడండి. బుడగలు లేస్తే కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీచి మాత్రం చూడకండి. ట్యూబుమీద అచ్చువేసిన గడువు దాటినా, పగుళ్ళు కనిపించినా మార్పించెయ్యండి. సిలిండరును నిలువుగానే ఉంచి, పొయ్యిని దానికన్నా ఎత్తున పెట్టుకోండి.

కట్టెల మంట మన చెప్పుచేతల్లో ఉండేది కాదు. గ్యాస్ మంట అలా కాదు, మన వేళ్ళ కొసన ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు వీధి తలుపు గడియ వేశామా అని చూసుకుంటాం కదా, రెగ్యులేటరు కట్టేశామా అనీ అలాగే చూసుకోండి.