జంషెడ్‌పూర్ కొలిమిలో కర్బన లెక్క

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. నేడు దాని సామర్థ్యం ఏడాదికి కోటి టన్నులకు పైనే. 2021 సెప్టెంబరులో టాటా స్టీల్ అక్కడ ఒక చిన్న ప్లాంటును ప్రారంభించింది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే వాయువులోని కార్బన్ డయాక్సైడ్‌ను అమీన్ ద్రావణంతో రోజుకు 5 టన్నుల చొప్పున పట్టి వేరుచేయడం దాని పని. దేశంలో ఒక ఉక్కు సంస్థ ఇలాంటి ప్లాంటు పెట్టడం అదే మొదటిసారి.

5 టన్నులు అంటే ఎంత? బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కర్మాగారం మొత్తానికి ఏడాదికి 2 కోట్ల టన్నులే అనుకున్నా, సెకనుకు 0.6 టన్నులు దాటుతుంది. ప్లాంటు రోజంతా పట్టేది, కర్మాగారం ఎనిమిది సెకన్లలో వదిలేదానికి సమానం! ప్రయోగాత్మక ప్లాంటును ఇలా తూచడం కొంత అన్యాయమే, అది నేర్చుకోవడానికి కట్టినది. కానీ ప్రారంభోత్సవాన్నే ప్రగతిగా లెక్కవేసుకోవడమూ సరికాదు.

అసలు చిక్కు రసాయన శాస్త్రంలో ఉంది. ఇనుప ఖనిజమంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం. ఆ ఆక్సిజన్‌ను లాగేయడానికి కోక్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ కావాలి. సమీకరణం ప్రకారం ఈ ఒక్క చర్యలోనే టన్ను ఇనుముకు సుమారు 1.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కరెంటును సౌరశక్తికి మార్చినా ఇది తగ్గదు. పైగా కోక్ వేడినిస్తుంది, కొలిమిలో పేర్చిన ఖనిజం బరువునూ మోస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ ఇదే పద్ధతి.

కార్బన్ బదులు హైడ్రోజన్ వాడితే కార్బన్ డయాక్సైడ్‌కు బదులు నీటి ఆవిరి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లోని 'ఇ' బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి 40 శాతం ఇంజెక్షన్ వ్యవస్థల ద్వారా హైడ్రోజన్‌ను పంపి కొన్ని రోజులు పరీక్షించారు. దీనివల్ల టన్ను ఉక్కుకు ఉద్గారాలు 7 నుంచి 10 శాతం తగ్గవచ్చని సంస్థ అంచనా వేసింది. అంతకు మించి వెళ్లడం కష్టం. హైడ్రోజన్ చర్య వేడిని పీల్చుకుంటుంది, కోక్‌లా బరువు మోయదు. ఆ హైడ్రోజన్‌ను బొగ్గు కరెంటుతో తయారుచేస్తే మొత్తం శ్రమ వృథా.

ఇక దేశం లెక్క. 2005తో పోలిస్తే 2030 నాటికి జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలను 45 శాతం తగ్గిస్తామని భారత్ 2022లో ప్రకటించింది. 2020 నాటికి 36 శాతం తగ్గాయని ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదిక చెబుతోంది. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో శిలాజేతర వాటా 50 శాతానికి చేర్చాలన్న లక్ష్యం ఐదేళ్ల ముందే, 2025లోనే అందింది. నిజంగా పెద్ద విజయమే. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. ఇప్పటికీ ఎక్కువ కరెంటు బొగ్గుదే. ఉద్గార తీవ్రత కూడా నిష్పత్తే కాని మొత్తం కాదు. తీవ్రత 45 శాతం తగ్గి, జీడీపీ మూడింతలైతే మొత్తం ఉద్గారాలు 65 శాతం పెరుగుతాయి. తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేని దేశం ఎదుగుదలకు చోటు అడగడం సమంజసమే. కాకపోతే వాతావరణం నిష్పత్తులను చూడదు.

2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ 'హరిత ఉక్కు'కు కొలమానం పెట్టింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నులలోపు ఉద్గారాలుంటే మూడు నక్షత్రాలు, 1.6 లోపైతే ఐదు. పాత ఇనుమును విద్యుత్ కొలిమిలో కరిగించే వారికి ఇది సులువే, కానీ మన దగ్గర పాత ఇనుము తక్కువ. అందుకే 2030 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యమనే జాతీయ లక్ష్యం కోసం కొత్త బ్లాస్ట్ ఫర్నేస్‌లు లేస్తున్నాయి. ఒక్కసారి వెలిగిస్తే ఇలాంటి కొలిమి లోపలి ఇటుకలు మార్చేదాకా 15 నుంచి 20 ఏళ్లు నడుస్తుంది. ఈ దశాబ్దంలో వెలిగేది 2045 దాకా కోక్ అడుగుతూనే ఉంటుంది. నెట్ జీరోకు టాటా స్టీల్ పెట్టుకున్న గడువూ 2045.