కెర్నల్ కూలితే... కారణం చదివి చెప్పగలరా?

2024 జులై 19. శంషాబాద్ విమానాశ్రయం నుంచి కోల్‌కతా వెళ్లాల్సిన ఓ ప్రయాణికుడికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫొటో సోషల్ మీడియాలో తెగ తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు ఆ రోజు వచ్చిన ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలిరంగు తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఇంతకీ జరిగిన పొరపాటు ఏంటి? 20 విలువలే అందే చోట కోడ్ 21వ విలువను చదవబోయింది. మామూలు యాప్‌లో అయితే ఆ యాప్ ఒక్కటే మూతపడేది. ఇక్కడ అది కెర్నల్‌లో నడిచే డ్రైవర్. అందుకే మెషినే పడిపోయింది.

ఇలాంటి కోడ్‌ను విడుదలకు ముందే చదివి తప్పు పట్టేవాళ్లు కావాలి. పడిపోయాక, ఆ క్షణంలో మెమరీలో ఏముందో తీసి చూసి కారణం చెప్పేవాళ్లూ కావాలి. మొదటిది డ్రైవర్ కోడ్ రివ్యూ. రెండోది క్రాష్ డంప్ విశ్లేషణ. ఊళ్లో ఏదైనా జరిగితే పోలీసులు రాసే పంచనామా లాంటిదే క్రాష్ డంప్ అనుకోండి.

కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో, జగిత్యాల దగ్గర నాచుపల్లి జేఎన్‌టీయూలో, బాసర ట్రిపుల్ ఐటీలో సీఎస్‌ఈ, ఈసీఈ చదువుతున్నవాళ్లలో చాలామంది ఫైనలియర్ అయిపోగానే అమీర్‌పేట బస్సెక్కి ఫుల్‌స్టాక్ కోర్సులో చేరాలనే ఆలోచనలో ఉంటారు. అది తప్పని కాదు. కానీ అదే రెజ్యుమె వేలమంది దగ్గర ఉంటుంది. కెర్నల్ వైపు వచ్చేవాళ్లు తక్కువ. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఫ్రెషర్లకు ఇందులో ఓపెనింగ్స్ కూడా తక్కువే. అయితే హైదరాబాద్‌లోని క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, ఎన్‌విడియా, మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థలకు డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ తెలిసినవాళ్ల అవసరం ఉంటుంది. ఈ పని నేర్చుకోవడానికి హాస్టల్ గదిలోని లాప్‌టాప్ చాలు.

ఒక చిన్న డ్రైవర్‌తో మొదలుపెట్టండి

లినక్స్ సోర్స్‌లో డ్రైవర్స్ ఫోల్డర్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్ తెరిస్తే క్యూఈఎంయూ ఎఫ్‌డబ్ల్యూ కాన్ఫిగ్ అనే ఫైల్ కనిపిస్తుంది. క్యూఈఎంయూ అంటే మీ లాప్‌టాప్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్, అంటే వర్చువల్ మెషిన్. బయటి మెషిన్ నుంచి లోపలి మెషిన్ ఫర్మ్‌వేర్‌కు సమాచారం అందించే చిన్న కిటికీ లాంటిది ఎఫ్‌డబ్ల్యూ కాన్ఫిగ్. దాన్ని లినక్స్‌కు పరిచయం చేసే డ్రైవర్ ఇది. వెయ్యి లైన్లు కూడా ఉండదు. రివ్యూ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలిసి తక్కువే.

ఇందులో క్రాష్ డంప్‌కు సంబంధించిన ముక్క ఒకటుంది. భద్రత కోసం లినక్స్ కెర్నల్ ప్రతిసారీ మెమరీలో వేరే చోట కూర్చుంటుంది. దీన్నే కేఏఎస్ఎల్ఆర్ అంటారు. దొంగకు ఇంటి అడ్రస్ దొరకకుండా చేసే ఏర్పాటు అన్నమాట. కానీ క్రాష్ అయ్యాక బయటి నుంచి మెమరీ మొత్తం తీసి చూసే ఇంజినీర్‌కూ ఆ అడ్రస్ తెలియదు. విశ్లేషణ టూల్ రిజిస్టర్ల ఆధారంగా ఊహించుకోవాల్సి వస్తుంది. అందుకే కెర్నల్ తన వివరాలను వీఎంకోర్‌ఇన్ఫో అనే చిన్న నోట్‌లో రాసిపెట్టుకుంటుంది. ఆ నోట్ మెమరీలో ఎక్కడుందో ఈ డ్రైవర్ ఎఫ్‌డబ్ల్యూ కాన్ఫిగ్ ద్వారా క్యూఈఎంయూకు ముందే చెప్పి ఉంచుతుంది. చెప్పే మాట 16 బైట్లే.

ఆ 16 బైట్ల కోడ్‌ను రివ్యూ చేస్తున్నాననుకుని చదవండి. నోట్ వివరాల స్ట్రక్చర్‌లో అంకెలు లిటిల్ ఎండియన్. దాన్ని మోసుకెళ్లే డీఎంఏ స్ట్రక్చర్‌లో బిగ్ ఎండియన్. ఒకే ఫైల్, రెండు పద్ధతులు. మార్పిడి ఒక్కచోట మర్చిపోయినా క్యూఈఎంయూకు వెళ్లే అడ్రస్ తప్పు. దీన్ని పట్టుకోవడానికి స్పార్స్ అనే టూల్ ఉంది, అయినా మీ కన్నుతోనే ముందు వెతకండి. తర్వాత ఆ స్ట్రక్చర్‌కు మెమరీ ఎక్కడ తీసుకున్నారో చూడండి. లోకల్ వేరియబుల్‌గా స్టాక్ మీద పెట్టేస్తే పోదా అనిపిస్తుంది. పోదు. ఇప్పటి కెర్నల్‌లో స్టాక్ వర్చువల్‌గా మ్యాప్ అయి ఉండొచ్చు, అప్పుడు దాని ఫిజికల్ అడ్రస్ మామూలు లెక్కతో రాదు. అందుకే కేమాలోక్ వాడారు.

అన్నింటికన్నా నాకు నచ్చింది ఒక చిన్న షరతు. కెర్నల్ కూలినప్పుడు కేడంప్ అనే ఏర్పాటు ఉంటే, ముందే పక్కన పెట్టిన మెమరీలో రెండో కెర్నల్ లేచి మొదటిదాని డంప్‌ను దాచిపెడుతుంది. ఈ రెండో కెర్నల్ కూడా ఇదే డ్రైవర్‌ను లోడ్ చేసుకోవచ్చు కదా! అది కూడా తన నోట్ అడ్రస్‌ను క్యూఈఎంయూకు చెప్పేస్తే? చనిపోయినవాడి అడ్రస్ పోయి, పంచనామాకు వచ్చినవాడి అడ్రస్ మిగులుతుంది. అందుకే ‘ఇది కేడంప్ కెర్నల్ కాకపోతేనే రాయి’ అనే షరతు పెట్టారు. ఒక్క షరతే. అది లేకపోయినా కోడ్ కంపైల్ అవుతుంది, నడుస్తుంది, పరీక్షల్లో చాలావరకు పాసవుతుంది కూడా. నిజంగా అవసరమైన రోజునే దెబ్బతీస్తుంది. రివ్యూ చేసేవాడు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ కోడ్ ఇంకెక్కడ, ఇంకెప్పుడు నడుస్తుంది?

కేడంప్ 2005లో లినక్స్ 2.6.13తో వచ్చింది. దాని మీద వచ్చిన తొలి పరిశోధన పత్రం రాసినవారిలో ఐబీఎం ఇంజినీర్లు వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ ఉన్నారు. ఈ రంగంలో మనవాళ్ల చెయ్యి మొదటి నుంచీ ఉంది.

మీరే కూల్చండి

చదివితే సగమే వస్తుంది. క్యూఈఎంయూలో ఒక లినక్స్ పెట్టండి, 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ సరిపోతుంది. వర్చువల్ మెషిన్‌కు వీఎంకోర్‌ఇన్ఫో డివైజ్ జోడించండి. లోపల రూట్‌గా లాగినై, ప్రాక్ ఫోల్డర్‌లోని సిస్‌రిక్యూ ట్రిగ్గర్ ఫైల్‌లో ‘సి’ అనే ఇంగ్లిష్ అక్షరం రాయండి. కెర్నల్ వెంటనే కూలిపోతుంది. (కాలేజీ ల్యాబ్ సిస్టమ్ మీద మాత్రం వద్దు సుమా!) బయటి నుంచి క్యూఈఎంయూ డంప్ కమాండ్‌తో మెమరీ తీసుకుని, క్రాష్ అనే టూల్‌లో తెరవండి. అదే బిల్డ్‌కు చెందిన డీబగ్ సమాచారం ఉన్న కెర్నల్ ఫైల్ కూడా కావాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లోపల ‘బీటీ’ అని కొడితే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో వరుసగా కనిపిస్తుంది. తర్వాత ఆ డివైజ్ తీసేసి ఇంకో డంప్ తీసుకోండి. రెండింటికీ తేడా ఏంటో మీ మాటల్లో ఒక పేజీ రాసిపెట్టుకోండి. సర్టిఫికెట్ కన్నా ఆ పేజీ ఎక్కువ పనికొస్తుంది.

కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసేటప్పుడు అన్ని మాడ్యూళ్లూ పెట్టుకోకండి. పాత లాప్‌టాప్‌లో గంటలు పడుతుంది. మీ మెషిన్‌కు అవసరమైనవే ఎంచుకునే వీలుంది.

సీ భాష, పాయింటర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు గట్టిగా ఉండాలి. ‘లినక్స్ డివైజ్ డ్రైవర్స్’ పుస్తకం మూడో ఎడిషన్ (2005) ఆన్‌లైన్‌లో ఉచితం. పాతదే కానీ పునాదికి మంచిది. లినక్స్ ఫౌండేషన్‌లో కెర్నల్ డెవలప్‌మెంట్ మీద బిగినర్స్ కోర్సూ ఉచితమే. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో క్యూఈఎంయూ పలుమార్లు పాల్గొంది, ఆ ప్రాజెక్టుల మీద ఓ కన్నేసి ఉంచండి. మొదటిరోజే పెద్ద ప్యాచ్ పంపాలని ఆరాటపడొద్దు. ఎవరో పంపిన ప్యాచ్‌ను మీ వర్చువల్ మెషిన్‌లో నడిపి, ఏం జరిగిందో రాసి పంపితే ‘టెస్టెడ్-బై’ అంటూ మీ పేరు కెర్నల్ చరిత్రలో చేరే అవకాశం ఉంటుంది. ‘రివ్యూడ్-బై’ దానికన్నా బరువైన మాట. ఈ కోడ్ కెర్నల్‌లో చేరడానికి సిద్ధంగా ఉందని నమ్ముతున్నానంటూ మీ పేరు పెట్టడం అది. అర్థం కాకుండా రాయకండి.

ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ టెస్టులకు ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్ సాధన మాత్రం ఆపొద్దు. ఇది దాని పక్కన రోజూ గంటన్నర పెట్టే పని, ఆరు నెలలైనా పడుతుంది.

ఇంకొకటి. మీ సొంత మెషిన్ నుంచి తీసిన డంప్‌ను సాయం కోసం ఎవరికీ పంపకండి. అందులో ఆ క్షణాన మెమరీలో ఉన్న పాస్‌వర్డ్‌లు, ఫైళ్ల ముక్కలు అన్నీ ఉండొచ్చు. అడిగితే ‘బీటీ’ అవుట్‌పుట్, కెర్నల్ లాగ్ వరకే ఇవ్వండి. అవి కూడా ఓసారి చదువుకున్నాకే.