రొయ్యల చెరువులో తెల్లవారుజామున కరెంటు పోతే ఏం చేయాలి?

ఉప్పునీటి రొయ్యల చెరువుకు అసలు గండం అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. పంట చివరి దశలో ఉన్నప్పుడు కరెంటు పోయి, జనరేటర్ కూడా మొరాయిస్తే, మూడు నెలలు పెంచిన రొయ్య తెల్లారేసరికి గట్టు వెంబడి తేలొచ్చు.

ఆ వేళే ఎందుకు?

నీటిలో ఉండే సూక్ష్మమైన నాచు, అంటే రైతులు బ్లూమ్ అనేది, పగలు ఎండకు ఆక్సిజన్ విడుదల చేస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు ఆక్సిజన్‌ను వాడుకోవడం మొదలుపెడుతుంది. రొయ్యలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా ఎలాగూ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ముసురు పట్టిన రోజు పగలు తయారయ్యేదే తక్కువ కాబట్టి ఆ రాత్రి మరింత ప్రమాదం.

దీనికి ఉప్పు తోడవుతుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీటిలో 6.2 మిల్లీగ్రాములే కరుగుతుంది. వెనామీకి కనీసం 4 ఉండాలి. 3 కంటే తగ్గితే మేత సరిగా తినదు, రోగాలకు లొంగుతుంది. 1 దగ్గరికి వస్తే చావులే. డీవో మీటరు వాడేవారు అందులో నీటి ఉప్పుశాతం కూడా సరిచేసుకోవాలి. లేకపోతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఏరియేటర్లు ఎన్ని?

ప్రతి 400 నుంచి 500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ అన్నది వాడుకలో ఉన్న లెక్క. రొయ్య బరువు పెరిగేకొద్దీ ఏరియేటర్లూ పెరగాలి. మొదటి నెలలో సరిపోయినవే చాలనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

2 హెచ్‌పీ ఏరియేటర్లు పది, రాత్రి పది గంటలు తిరిగితే సుమారు 150 యూనిట్లు కాలతాయి. యూనిట్ 3.85 రూపాయల టారిఫ్ ప్రకారం 577 రూపాయలు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రాయితీ ధర 1.50 వర్తిస్తే 225 రూపాయలే. ఒక్క రాత్రికే ఇంత తేడా. అయితే ఆక్వా జోన్, విస్తీర్ణం, లైసెన్సు నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. మీ సర్వే నంబరు జోన్‌లో ఉందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో ముందే కనుక్కోండి. సముద్రపు పోటు గీతకు 2 కిలోమీటర్లలోపు చెరువులకు, చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

కరెంటు పోయింది, ఇప్పుడు?

మొదట జనరేటర్. వారానికోసారి లోడు పెట్టి నడిపి చూడని జనరేటర్‌ను నమ్ముకోవద్దు. మేత వెంటనే ఆపండి, తిన్న రొయ్యకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. దుకాణాల్లో దొరికే ఆక్సిజన్ ట్యాబ్లెట్లు కాసేపు ఊపిరి నిలుపుతాయి, అంతే. ఏరియేటర్ పని వాటితో జరగదు. డీజిల్ పంపుంటే కొత్త నీరు పెట్టడం మేలు. రొయ్య పైకి తేలి గట్టు పక్కన తిరుగుతోందంటే ఇప్పటికే ఆలస్యమైందని అర్థం.

ఫిర్యాదుకు 1912కు ఫోన్ చేసి, సర్వీసు నంబరు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ సర్వీసు నంబరు మీ ఇంట్లో బిల్లు మీద ఉంటే చాలదు. రాత్రి చెరువు దగ్గర ఉండే గుమస్తాకూ తెలియాలి. కరెంటు వచ్చాక మోటార్లన్నీ ఒకేసారి వేయకుండా ఒక్కొక్కటిగా వేయండి. లేదంటే ఆ లోడుకు ఫ్యూజులు మళ్లీ కొట్టేస్తాయి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మీరే వేసుకోవద్దు. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ కలిపితే కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళుతుంది. అప్పుడు స్తంభం మీద మీ ఫిర్యాదుకే వచ్చిన లైన్‌మన్ ఉండొచ్చు.