ఇంటికప్పుపై సూర్యశక్తి: పలకలా, పెంకులా?

ఇంటిమీద సోలార్ పలకలు వేయించుట మేలా, లేక కప్పునే సోలార్ పెంకులతో కట్టించుట మేలా యని విద్యార్థుల తల్లిదండ్రులలో కొందరు మమ్ము అడుగుచున్నారు. మేమెఱిగినంత వివరింతుము.

రెండింటను జరుగు పని యొక్కటే: సిలికాను ఘటముపై సూర్యకాంతి పడగా విద్యుత్తు పుట్టును. భేదము అమరికలో నున్నది. పలకలను ఇనుప చట్రముపై బిగింతురు. వాని క్రింద గాలి యాడును. రెండవ పద్ధతిలో కప్పు పెంకులే విద్యుత్తు నిచ్చును. 2016లో అమెరికాలోని టెస్లా సంస్థ యిట్టి పెంకులను ప్రదర్శించిన పిమ్మట వీని పేరు లోకమున వ్యాపించెను. చూపునకు సొంపైనవే గాని వెల మిక్కిలి యెక్కువ.

మన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములకు ఏది తగును? పెంకులకు వాలు కావలెను. మిద్దెకు వాలు లేదు. మఱియు ఘటము 25 డిగ్రీలకు మించి వేడెక్కిన కొలది, డిగ్రీకి సుమారు 0.3 నుండి 0.4 శాతము వంతున దాని శక్తి తగ్గును. తిరుత్తణి వేసవి యెండ యెట్టిదో మీకు చెప్పనక్కఱలేదు. గాలి తగులు పలక కొంత చల్లబడును. కప్పు నంటిన పెంకు అంతగా చల్లబడదు. కావున మిద్దె గలవారికి పలకలే మేలు. పాత పెంకుటింటి కప్పు నెల్ల మార్చదలచినవారు మాత్రమే సోలార్ పెంకుల మాట ఆలోచింపవచ్చును. అట్టి యింటికి పలకలు వేయించువారు, వాసములు బరువు మోయునో లేదో ముందు వడ్రంగికి చూపవలెను.

ఒక కిలోవాట్ పలకలకు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావలెను. దినమునకు సగటున 4 యూనిట్లు వచ్చును. 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పథకమున 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 గాని అంతకు మించి గాని యైనచో 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. అయినను స్వల్పముగా కరెంటు వాడు కుటుంబము దీనికై అప్పు చేయుట తగదు.

ఒక భ్రమ తొలగింపవలసియున్నది. బ్యాటరీ లేని సాధారణ సోలార్ అమరిక, వీధిలో కరెంటు పోగానే తానును ఆగిపోవును. తీగలు బాగుచేయు కార్మికునికి అపాయము కలుగకుండుటకే యీ యేర్పాటు. పరీక్షల కాలమున పిల్లల చదువునకు దీపము నిలువవలెనన్న బ్యాటరీ వేఱుగా నుండవలెను.

2016 డిసెంబరులో వచ్చిన వర్దా తుపానును మఱవక, చట్రమును గట్టిగా బిగింపించుడు. ఒప్పందపత్రమును పూర్తిగా చదివి తెలిసికొనక సంతకము చేయకుడు. అన్నిటికంటె ముందు, ఏడాది కరెంటు బిల్లులను మీ పిల్లలచే కూడింపుడు. ఆ మొత్తమును చూచిన పిమ్మటనే నిర్ణయము చేయుట వివేకము.